దౌలతాబాద్ దర్వాజ దగ్గర తానాషా పంచాయితీ

మా నాయనకు డెబ్బై ఎనిమిది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. యాభై ఏళ్లు మగ్గం ముందు నిలబడ్డ మోకాళ్లు మరి, ఎంతకాలమని ఆగుతాయి. ఇప్పుడు మా మేడ మెట్లు కూడా ఎక్కడు. అలాంటి మనిషి మూడేళ్ల నుంచి ఒకటే పాట: "దౌలతాబాద్ ఖిల్లా చూడాలె, నన్నొక్కసారి తీస్కపోండి" అని.

మాది షోలాపురం. బోర్డుల మీద సోలాపూర్ అని ఉంటుంది, ఇంట్లో మాత్రం షోలాపురమే. ఎల్లోరాకు రెండుసార్లు పోయాం, రెండుసార్లూ ఆ కోట కిందినుంచే పోయాం. పోయిన ప్రతిసారీ టైం లేదనో ఎండ అనో కోటను బస్సు కిటికీలోంచి చూసి వదిలేశాం. నాయన మాత్రం తల తిప్పి, కనపడకుండా పోయేదాకా చూసేవాడు. "అండ్ల మనోడు ఒకడు పన్నెండేండ్లు జైల్ల ఉన్నడు. చూసి రావాలె" అనేవాడు.

మనోడు అంటే చుట్టం కాదు. గోల్కొండ ఆఖరి నవాబు అబుల్ హసన్ తానాషా. నవాబు కాదు సుల్తాన్ అనాలి నిజానికి, కానీ మా ఇంట్లో నవాబే. మా ముత్తాత నిజాం రాజ్యంలోంచి మిల్లు పనికి ఇక్కడికి వచ్చినప్పుడు వెంట ఏం తెచ్చుకున్నాడో తెలియదు గానీ, రామదాసు కథ మాత్రం తెచ్చుకున్నట్టున్నాడు. తాత నుంచి నాయనకు, నాయన నుంచి నాకు. మిల్లు భోంగా మోగి రాత్రి పాళీ వాళ్లు వెళ్లిపోయాక, చలికాలం పూట ఒకే చద్దర్ కింద ముగ్గురం పిల్లలం పడుకుని విన్న కథ అది. గోపన్న భద్రాచలంలో గుడి కట్టడం, ఆరు లక్షల వరహాల లెక్క తేలకపోవడం, పన్నెండేళ్ల చెర, చివరికి రాముడూ లక్ష్మణుడూ మారువేషంలో వచ్చి తానాషా మంచం పక్కన డబ్బు కుప్ప పోయడం. నాయన ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగేవాడు. "చూడు బిడ్డా, దేవుడు ఎవరికి కనపడ్డడు? జైల్ల ఉన్న భక్తునికి కాదు, తానాషాకు కనపడ్డడు" అనేవాడు. అందుకే తానాషా మనోడు. అందుకే ఈనాటికీ శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పోతాయి, ఆ ఆనవాయితీ ఆయనతోనే మొదలైందంటారు.

ఈసారి దీపావళి సెలవుల్లో పట్టుబట్టి బయలుదేరాం. నేను, మా ఆయన, నాయన, తొమ్మిదో తరగతి చదివే మావాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు కారు తీస్తే తుళ్జాపూర్ ఘాట్ దగ్గర తెల్లారింది. డబ్బాలో కడక్ భాక్రి, శేంగా చట్నీ, పెరుగు. బీడ్ దాటాక ఒక చెట్టు కింద తిన్నాం. నాయన దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు, మావాడు చెవిలో వైర్లు పెట్టుకుని కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మావాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం మరాఠీలో వస్తుంది. చదవడం, రాయడం అసలు రాదు. నేను ఏడో తరగతి దాకా మా పేటలో తెలుగు బడిలోనే చదివాను. వాడిని ఇంగ్లీష్ మీడియంలో వేసింది నేనే. ఎవరూ బలవంతం చేయలేదు. ఆ రోజు నాయన ఏమీ అనలేదు, మగ్గం దగ్గరికి పోయి కూర్చున్నాడు. తాతకూ మనవడికీ మధ్య మాటలు తగ్గిపోయాయంటే అందులో నా వాటా ఉంది. షోలాపురంలోనే కాదు, భివండీలోనూ సూరత్‌లోనూ ఉన్న మనవాళ్ల ఇళ్లల్లో కూడా ఇదే తంతు అని తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గదు.

కోట ఔరంగాబాద్ నుంచి ఎల్లోరా పోయే దారిలో పదిహేను కిలోమీటర్ల మీద ఉంటుంది. (ఊరి పేరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. నాయన నోరు ఇంకా తిరగలేదు.) దూరం నుంచి చూస్తే బోర్లించిన గంపలా ఒంటరి కొండ, కింది సగాన్ని ఉలితో చెక్కి నిలువు గోడ చేశారు. యాదవుల దేవగిరి ఇదే. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో ఢిల్లీ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి దౌలతాబాద్ అని పేరు పెట్టాడు. తర్వాత బహమనీలు, నిజాంషాహీలు, ఆ మీదట 1633 నుంచి మొఘలులు.

టికెట్ తీసుకుని నడిస్తే మహాకోట్ పెద్ద దర్వాజ. నాయన అక్కడే ఆగిపోయాడు. జనం తోసుకుంటూ పోతున్నారు, సెల్ఫీలు తీసుకుంటున్నారు, మా నాయన మాత్రం చేతికర్ర ఆనించి తలెత్తి ఆ తలుపును చూస్తున్నాడు. మందపాటి చెక్క రెక్కలు, వాటికి వరసలు వరసలుగా ఇనుప మేకులు. మేకులంటే మామూలువి కావు, ఒక్కోటి పిడికెడు మందంతో మొదలై కొన తేలి ఉన్నాయి. మనిషికి అందనంత ఎత్తు దాకా ఉన్నాయి. ఏనుగును తోలి నుదుటితో గుద్దిస్తే తలుపు విరుగుతుంది కదా, అందుకని ఏనుగు నుదురు తగిలే చోటే మేకులు.

"గోల్కొండల గూడ గిట్లనే ఉంటయి. ఫతే దర్వాజకు" అన్నాడు నాయన. నా చిన్నప్పుడు ఆయనే తీసుకుపోయి చూపించాడు. బాలాహిస్సార్ దగ్గర చప్పట్లు కొట్టి పైదాకా వినపడుతుందా అని ఆడుకోవడమే నాకు గుర్తు, ఫతే దర్వాజ గుర్తు లేదు.

తలుపు దాటితే నేరుగా కోట రాదు. గోడల మధ్య ఒక ఇరుకు ఆవరణ, అందులో వరసగా పెట్టిన పాత ఫిరంగులు, కాపలావాళ్ల గదులు. అక్కడి నుంచి పక్కకు తిరిగితే ఇంకో దర్వాజ. అది దాటి మళ్లీ తిరిగితే ఇంకోటి. ఏ రెండు తలుపులూ ఎదురెదురుగా లేవు. ఏనుగు పరుగెత్తుకు రావడానికి వీల్లేదు, గుర్రం రౌతు వేగం పట్టుకోవడానికి వీల్లేదు. మొదటి తలుపు విరగ్గొట్టి వచ్చినవాడు నాలుగు గోడల మధ్య నిలబడతాడు, పైన బురుజుల మీద నుంచి రాళ్లు, బాణాలు. మా ఆయన ఇంజనీరింగ్ మనిషి, మూలమూలకూ ఆగి చూసి "బోనులాగుంది" అన్నాడు.

అప్పుడే మొదలైంది పంచాయితీ. నాయన మనవడి భుజం మీద చెయ్యి వేసి, "గీ దర్వాజల నుంచే రా, తానాషాను లోపల్కి తెచ్చింది" అన్నాడు.

మావాడు చెవిలో వైరు తీసి, "తానాషా? అంటే డిక్టేటరే కదా తాతా?" అన్నాడు.

నాయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. హిందీలో నియంతను తానాషాహ్ అంటారు, నియంతృత్వం అంటే తానాషాహీ. వార్తల్లో రోజూ వినపడే మాట, వాడి హిందీ పుస్తకంలోనూ ఉంది. ఆ మాట ఈయన పేరు నుంచే వచ్చిందని చెప్పేవాళ్లున్నారు, గెలిచినవాళ్లు ఓడినవాడికి అంటించిన మరక అని. అసలు పేరైతే ఆయన గురువు షా రాజు ముద్దుగా పెట్టిందని హైదరాబాద్ వాళ్ల కథ. ఒకే మూడక్షరాలు, తెలుగులో రాముడి దర్శనం పొందిన పుణ్యాత్ముడు, హిందీలో నియంత. ఒకే ఇంట్లో రెండు అర్థాలూ ఇన్నేళ్లు పక్కపక్కనే ఉన్నాయి, ఎదురుపడలేదంతే.

నేను మధ్యలో దూరి నాయనకు వివరించాను. ఆయన ముఖం చూడాల్సింది. ఎవరో తన తమ్ముణ్ణి నడిబజార్లో తిట్టినట్టు. "ఎవడన్నడు ఆ మాట?" అన్నాడు. మావాడు కూడా వదల్లేదు. "తాతా, నువ్వే చెప్పినవ్ కదా, రామదాసును పన్నెండేండ్లు జైల్ల పెట్టిండని, కొరడాతో కొట్టిచ్చిండని. ఒక గుడి కట్టినందుకు! మరి డిక్టేటర్ కాదా?" సగం మరాఠీలో, సగం తెలుగులో. కోపం వచ్చినప్పుడు వాడికి తెలుగు బాగానే వస్తుందని ఆ రోజే తెలిసింది.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. వాడన్న దాంట్లో తప్పేముంది? చిన్నప్పుడు చద్దర్ కింద పడుకుని నేను అడగని ప్రశ్న అది. గోపన్న పాల్వంచ తహసీల్దారు, వసూలు చేసింది సర్కారు డబ్బు, లెక్క అడగడం రాజు పనే అని ఎవరైనా అనొచ్చు. అయినా పన్నెండేళ్లు పన్నెండేళ్లే. మనకు నచ్చిన రాజు కాబట్టి ఆ ముక్కను త్వరగా చెప్పి, డబ్బుకుప్ప దగ్గర నిదానంగా ఆగుతాం.

"కొట్టిచ్చిండు. నిజమే. దానికే గాదా, ఆయన గూడ పన్నెండేండ్లు ఈడ ఉన్నడు" అన్నాడు చివరికి. ఇది వాదనలో గెలవడానికి అన్న మాటలా లేదు.

లెక్క దాదాపు సరిపోతుంది కూడా. గోల్కొండ పడింది 1687 సెప్టెంబర్ 21న. తానాషా ఇక్కడ చనిపోయింది 1699లో.

లోపల తోవ బాగానే ఉంది, చదును. మెట్ల బావి, ఏనుగుల హౌజు, స్తంభాల మండపంలో భారతమాత గుడి, ఎర్రటి చాంద్ మినార్. బహమనీ సుల్తాన్ 1445లో కట్టించిన మినారు అది, రెండు వందల అడుగుల పైమాటే. నాయన ప్రతి నీడలోనూ కూర్చుంటూ, లేస్తూ నడిచాడు. కూర్చున్న ప్రతిచోటా కథలో ఒక ముక్క. ఈసారి మావాడు వైర్లు జేబులో పెట్టుకున్నాడు. గొడవ పడ్డాక వినాలనిపించిందో ఏమో.

గోల్కొండ ముట్టడి కథ నాయన చెప్పినట్టు చెప్తే సగం రోజు పడుతుంది. ఔరంగజేబు స్వయంగా వచ్చి కూర్చున్నా ఎనిమిది నెలలు కోట లొంగలేదు. గోడల కింద సొరంగాలు తవ్వి మందు పెడితే అది మొఘలుల మీదికే పేలింది. వానలు, కరువు, రోగాలు. అప్పటికే అక్కన్న, మాదన్న లేరు. గోపన్నకు మేనమామలు వాళ్లు, రాజ్యం నడిపినవాళ్లు, 1686లో వీధిలోనే చంపేశారు వాళ్లను. చివరికి అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తిని, రాత్రిపూట లోపలి నుంచి తలుపు తీశాడు. అబ్దుర్ రజాక్ లారీ ఒక్కడూ ఒళ్లంతా గాయాలయ్యేదాకా కత్తి తిప్పాడు.

"ఏ తలుపు? ఆ మేకులున్న పెద్దదా?" అన్నాడు మావాడు.

"కాదురా. దిడ్డి."

వాడికి ఆ మాట తెలియదు. నాయన కర్రతో మట్టిలో గీసి చూపించాడు. ఒక పెద్ద తలుపు, దాని పక్కన మనిషి ఒంగి పోయేంత చిన్న తలుపు. "రాత్రి పెద్ద దర్వాజ మూసినంక, లోపటోళ్లు పోవుడు వచ్చుడుకు ఉంటది. దాని గడియ తీసిండు. ఇగ ఈ మేకులు, ఈ ఏనుగులు ఎందుకు?" ఆ దిడ్డి తెరుచుకున్నాక మొఘల్ సేన దండుగా ఊరేగుతూ వచ్చింది పెద్ద దర్వాజలోంచి. దానికే ఫతే దర్వాజ, అంటే విజయ ద్వారం అనే పేరు నిలిచింది.

ఈ దౌలతాబాద్‌ది కూడా అదే సంగతి. 1296లో అల్లాఉద్దీన్ ఖిల్జీ మీద పడ్డప్పుడు, లోపల దాచిన బస్తాల్లో ధాన్యం ఉందనుకుంటే ఉప్పు బయటపడిందని, యాదవ రాజు లొంగక తప్పలేదని ఇక్కడి గైడ్లు చెప్తారు. 1633లో మొఘల్ సేనాని మహాబత్ ఖాన్ బయటి గోడల్ని మందు పెట్టి పేల్చాడు గానీ, కొండ మీది కోట బేరంతోనే దక్కింది. మలిక్ అంబర్ కొడుకు ఫతే ఖానే అప్పగించాడు. ఇంత దర్వాజ పెట్టుకుని!

నాయన ఇదంతా ఫతే ఖాన్ గురించి, అబ్దుల్లా ఖాన్ గురించి చెప్తున్నాడు. నాకు మాత్రం పదేళ్ల కింద బడి అప్లికేషన్ మీద సంతకం పెట్టిన రోజు గుర్తొచ్చింది. ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

చీనీ మహల్ కొండ ఎక్కకముందే వస్తుంది. అది ఒకప్పుడు మహల్ అంటే నమ్మలేం. మొండి గోడలు, పైకప్పు లేదు. గోడ పైభాగంలో అక్కడక్కడ నీలిరంగు పింగాణీ పెంకులు అతుక్కుని ఉన్నాయి, ఆ పెంకుల వల్లే ఆ పేరు. గోల్కొండలో వజ్రాల సంచుల మధ్య కూర్చున్నవాడు ఇక్కడ కూర్చున్నాడు. జైలంటే చీకటి కొట్టు కాదు, రాజుకు తగ్గట్టే ఉంచారంటారు. పట్టుకోవడానికి మొఘల్ సర్దార్లు వచ్చిన పూట కూడా ఆయన కంగారు పడకుండా, వాళ్లను కూర్చోమని భోజనం తెప్పించుకుని తిన్నాడని చరిత్ర రాసినవాళ్లే రాశారు. నాయనకు ఈ ముక్క మహా ఇష్టం. అక్కడే గోడ నీడన కూర్చుని, "భాక్రి మిగిలిందా?" అన్నాడు. మిగిలింది. తిన్నాడు.

ఆ పక్కన బురుజు మీద మేంఢా తోప్ ఉంది, వెనక భాగం పొట్టేలు తలలా పోతపోసిన ఫిరంగి. దాని ఇంకో పేరు ఖిలా షికన్, కోటలను విరగ్గొట్టేది అని. నాయనను చీనీ మహల్ నీడన వదిలి మేం ముగ్గురం అది చూసి, వంతెన దాటి పైకి పోయాం. కందకం లోతు చూస్తే కళ్లు తిరుగుతాయి, మొత్తం రాతిలో తొలిచిందే. తర్వాత అంధేరీ. కొండ కడుపులోంచి మెలికలు తిరిగే చీకటి దారి, గబ్బిలాల కంపు. ఫోన్ లైట్ ఆపి ఒక్క నిమిషం నిలబడమన్నాడు మా ఆయన. నిలబడ్డాం. చాలని లైటు వేసేసింది మావాడే. షాజహాన్ 1636లో వచ్చినప్పటిదంటారే, ఆ బారాదరీ దాకా ఎక్కి, గాలి పీల్చుకుని దిగాం. అక్కడి నుంచి చూస్తే మొదటి దర్వాజ అగ్గిపెట్టెంత కనపడింది.

దిగేసరికి నాయన ఒంటరిగా లేడు. నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆయన చుట్టూ కూర్చుంది. ఆయన మళ్లీ దిడ్డి కథలో ఉన్నాడు. వాళ్లావిడ నన్ను చూసి, "మీ నాయన తెలుగు ఎంత ముద్దుగ ఉందమ్మా, మా తాతలు మాట్లాడినట్టుంది" అంది. అది పొగడ్తో, పాతబడిపోయామని చెప్పడమో తేల్చుకోలేకపోయాను. ఆవిడ కూతురు ఇంగ్లీష్‌లో ఫోన్ మాట్లాడుతోంది.

తానాషా సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది, ఇక్కడి నుంచి కొద్ది దూరమే. ఆయన్ని చెరలో పెట్టిన ఔరంగజేబుదీ ఆ ఊళ్లోనే. గోల్కొండలో ముందటి సుల్తాన్ల గుమ్మటాల పక్కన ఈయనకు చోటు దొరకలేదు. పోదామనే అనుకున్నాం. మా మగ్గాల మీద నేసిన చద్దర్ ఒకటి నాయన సంచీలో మడిచి పెట్టుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. కానీ పొద్దు వాలింది, ఆయన మోకాలు అప్పటికే వాచింది. "ఫర్వాలే. జైలు చూసిన, చాలు" అన్నాడు. చద్దర్ మాటెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తిరిగి వస్తూ మళ్లీ ఆ మేకుల దర్వాజ కింద ఆగాం. మావాడు అందినంత ఎత్తులో ఒక మేకును పట్టుకుని ఊపి చూశాడు, చూశాక హఠాత్తుగా వెనక్కి తిరిగాడు. "తాతా, దిడ్డి అంటే దిండీ దర్వాజానా? మహారాజ్ కోటలకు ఉంటది చూడు, చిన్నది, రాత్రి గస్తీవాళ్లకు?"

నాయన అరవై ఏళ్లకు పైగా మరాఠీ వింటున్న మనిషి. అయినా ఆ రెండు మాటలనూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసినట్టు లేదు. నాకూ తట్టలేదు. "దిండీ... దిడ్డి" అని రెండుసార్లు అనుకుని నవ్వాడు. "మన దగ్గర్నుంచి వాళ్లు తీస్కున్నరా, వాళ్ల దగ్గర్నుంచి మనం తీస్కున్నమా?" అన్నాడు. మావాడు, "తెలీదు తాతా, చూద్దాం" అని ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు.

కారులో ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. తానాషా మంచోడా చెడ్డోడా అన్నది తేలలేదు, గెవరాయీ దాకా మళ్లీ వాదించుకున్నారు. బీడ్ దగ్గర చాయ్‌కి ఆగినప్పుడు మావాడు టికెట్ వెనక పెన్నుతో ఏదో రాసి తాతకు ఇచ్చాడు. దేవనాగరిలో రాశాడు దిడ్డి అని, ఆ లిపే కదా వాడికి వచ్చింది. నాయన కళ్లజోడు పెట్టుకుని, దీపం వెలుతురుకు పట్టి చదివాడు.

"ఒత్తు మర్చినవ్ రా" అని పెన్ను అడిగాడు.